పాలమూరు పాత టాకీసు: ముందరి గోడతో పాటు లోపలి హాలునూ నిలబెట్టిన పని

మహబూబ్‌నగర్ పాత బజారులో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న టాకీసును బాగుచేసి, సినిమాలకూ నాటకాలకూ సభలకూ పనికొచ్చే హాలుగా మళ్లీ తెరిచారు. సినిమా చూడడానికీ, ఒక సాహిత్య సభకూ, పగటిపూట కట్టడాన్ని తీరిగ్గా పరిశీలించడానికీ వేర్వేరు సందర్భాల్లో వెళ్లి వచ్చిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన జిల్లా పట్టణాల్లో పాత సినిమా హాళ్లను బాగుచేయాలని పూనుకునేవారు వచ్చి చూసి నేర్చుకోదగిన పని ఇది. అయితే శబ్దం విషయంలోనూ, వృద్ధులు బాల్కనీకి చేరుకునే విషయంలోనూ, నాటకాల వారికి కల్పించిన వసతుల విషయంలోనూ సరిదిద్దవలసినవి ఇంకా ఉన్నాయి.

మూతపడిన టాకీసును ఏం చేయాలన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు కూల్చివేతే. హైదరాబాద్ అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్న చోట 2023లో మల్టీప్లెక్సుతో కూడిన మాల్ తెరుచుకుంది. ఆ జాగాకు వచ్చే ధర చూస్తే యజమానులను తప్పుపట్టలేము. ముంబయిలో 1938 నాటి ఈరోస్ భవనం బయటి రూపాన్ని నిలుపుకొని 2024లో ఐమాక్స్ తెరతో మళ్లీ ప్రేక్షకులను పిలిచింది కానీ, అది మహానగరం, అక్కడి వ్యాపారం లెక్క వేరు. ఒక పనికి కట్టిన కట్టడం మరో పనికి మారి కూడా నిలబడగలదని పాలమూరు వారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడిచింది, వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల నడిచింది. కానీ కోటకూ రాజభవనానికీ గదులుంటాయి, కిటికీలుంటాయి, బల్లలు వేస్తే తరగతులవుతాయి. టాకీసు అలా కాదు. కిటికీలు లేని ఒకే ఒక్క పెద్ద గది, అందులోనూ నేల ఏటవాలుగా ఉంటుంది. అందుకే మన ఊళ్లలో మూతపడిన హాళ్లు ఎక్కువగా ఎరువుల గోదాములో, ఫంక్షన్ హాళ్లో అయిపోయాయి, లేదా నేలమట్టమయ్యాయి.

ఈ టాకీసును బాగుచేసినవారు ఆ పెద్ద గదిని ముక్కలు చేయలేదు. బాల్కనీ అంచు నుంచి అడ్డుగోడ లేపి, పైన ఒక చిన్న తెర, కింద దుకాణాలు పెట్టుకొమ్మని సలహా ఇచ్చినవారు తప్పకుండా ఉండే ఉంటారు. అద్దె లెక్కన చూస్తే అదే లాభం. ఆ సలహాను పక్కనబెట్టి, తెర నుంచి బాల్కనీ చివరి వరుస దాకా ఒకే చోటుగా ఉంచడమే ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన నిర్ణయమని నేను భావిస్తున్నాను. సినిమా హాలులో కాపాడుకోవలసింది ఆ ఎత్తు, ఆ వెడల్పు, అందరూ ఒకే చీకటిలో ఒకే వైపు చూస్తూ కూర్చునే ఆ అమరిక. ముందరి గోడ ఎంత అందంగా ఉన్నా, వెనుక ఆ చోటు లేకపోతే అది వీధికి తగిలించిన పటంగా మిగులుతుంది.

ముందరి గోడ పని కూడా శ్రద్ధగానే జరిగింది. అంచెలంచెలుగా పైకి లేచిన నిలువు పలకలు, గుండ్రంగా మలిచిన మూలలు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపుల్లో సిమెంటుతో పోతపోసిన పేరు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. గోడలు రాతితో, సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తనలోని తేమను బయటికి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని, ఉప్పు పేరుకొని, కొన్నేళ్లకు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, పోతూ పోతూ కింది రాయి ముఖాన్ని కూడా తీసుకుపోతుంది. ఇది తెలిసినవారు కాబట్టే వీధి వైపంతా డంగు సున్నంతో, బెల్లం నీళ్లూ కరక్కాయ నానబెట్టిన నీళ్లూ కలిపే పాత పద్ధతిలోనే పూత వేయించారు. ఆ పూత మీద చేయి ఆనించి చూస్తే నునుపు తెలుస్తుంది, మండుటెండలో కూడా గోడ అంతగా కాలదు. పని చేసినవారు ఈ జిల్లా మేస్త్రీలేనని నిర్వాహకులు చెప్పారు. దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ కట్టడానికి తరలిపోయిన పాలమూరు కూలీల చేతిపని, సొంత ఊళ్లో సొంత కట్టడం మీద ఇంత బాగా కనిపించడం నాకు గర్వంగా అనిపించింది.

అదే శ్రద్ధ తూర్పు వైపు గోడకు దక్కలేదు. సందులోకి ఉన్న ఆ గోడను ఎవరూ చూడరనుకున్నారో, డబ్బు చాలలేదో గానీ, పగుళ్లను మామూలు సిమెంటుతో పూడ్చారు. నేలకు మూడడుగుల ఎత్తు దాకా అప్పుడే తెల్లటి ఉప్పు పొర తేలింది, రెండు చోట్ల పూత ఉబ్బింది. ఇప్పుడే ఆ సిమెంటును గీకించి సున్నం వేయిస్తే కొద్ది ఖర్చుతో పోతుంది; నాలుగైదు వానాకాలాలు గడిచాక రాళ్లే మార్చవలసి వస్తుంది.

మరొక విన్నపం ఫ్లెక్సీల గురించి. పాత సైకిల్ స్టాండు చోట వెలసిన దుకాణాల బోర్డులకు కొలత నిర్ణయించి, ముందరి గోడ కప్పిపోకుండా చూసిన నిర్వాహకులు, కొత్త సినిమా విడుదలైన రోజున మాత్రం అభిమానుల ఫ్లెక్సీలను ఆ మూడు లిపుల పేరు మీదే కట్టనిస్తున్నారు. ఆ ఉత్సాహం టాకీసుకు అవసరమే, అది లేని రోజున హాలుకు కళ ఉండదు. కానీ ప్రహరీ వెంట ఇనుప చట్రాలు నిలబెట్టి అక్కడ కట్టుకొమ్మంటే గోడకు మేకులు దిగవు, పేరు కనిపిస్తుంది.

లోపలికి వెళితే ముందుగా గమనించవలసింది ద్వారం. పాత రోజుల్లో బాల్కనీ, కుర్చీ టికెట్ల వారికి ముందు గుమ్మం, నేల టికెట్ల వారికి పక్క సందులో వేరే కిటికీ ఉండేవి. ఆ కిటికీకి చేరడానికి ఇనుప కమ్మీల మధ్య ఒక్క మనిషి మాత్రమే పట్టే ఇరుకు దారి ఉండేది. ఒకసారి అందులోకి దూరితే టికెట్ దొరికే దాకా ముందుకే గానీ వెనక్కి రాలేరు. ఇప్పుడు అందరూ ముందు గుమ్మం నుంచే, మొజాయిక్ గచ్చు పరిచిన పాత వసారా మీదుగానే లోపలికి వస్తారు. సందులోని కమ్మీల దారిలో కొంత భాగాన్ని తీసివేయకుండా ఉంచడం మంచి ఆలోచనే గానీ, అదేమిటో తెలిపే పలక ఒకటైనా లేకపోవడంతో నేటి పిల్లలు దాన్ని పశువుల కంచె అనుకుంటున్నారు. వసారాలో గోడలకు తగిలించిన ఫోటోల కన్నా ఈ ఊరి సినిమా చరిత్రను ఆ పది అడుగుల ఇనుమే ఎక్కువ చెబుతుంది. దానికి తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు వాక్యాలు రాయించాలి.

హాలులో వరుసల మధ్య దూరం పెంచారు. బెంచీలతో కిక్కిరిసినప్పుడు పట్టిన జనంలో ఇప్పుడు సగానికన్నా తక్కువే పడతారు, కానీ మోకాళ్లు ముందు సీటుకు తగలవు, ముందువారి తల అడ్డం రాదు. తెర ముందున్న పాత వేదికను తీసేయకుండా ముందుకు కొంత పెంచి, తెర పైకి చుట్టుకునేలా ఏర్పాటు చేశారు. అందువల్ల ఉదయం పూట సభలకూ బడుల వార్షికోత్సవాలకూ హాలును అద్దెకివ్వగలుగుతున్నారు, మధ్యాహ్నం నుంచి సినిమాలు నడుస్తున్నాయి.

శబ్దం దగ్గరే నా ప్రధానమైన అభ్యంతరం. కింది సీట్లలో మాట స్పష్టంగా వినబడుతుంది. బాల్కనీ ముందు వరుసల్లో మాత్రం, హాలు సగం ఖాళీగా ఉన్న ఆటల్లో, సంభాషణల చివరి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిండిన ఆటలో ఈ ఇబ్బంది దాదాపు లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గది పెద్దదయ్యే కొద్దీ శబ్దం అందులో ఎక్కువసేపు నిలుస్తుంది. శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువులూ మనుషులూ పెరిగే కొద్దీ త్వరగా అణుగుతుంది. 1890లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాట అర్థం కాని ఒక ఉపన్యాస మందిరాన్ని సరిచేయమన్నప్పుడు, వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్రవేత్త పక్క హాలులోని సీట్ల మెత్తలను రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే ఎంత సేపటికి శబ్దం అణుగుతుందో కొలిచి ఈ సంబంధాన్ని సూత్రంగా నిలబెట్టాడు. ఇక్కడ పక్క గోడలకు బాల్కనీ ఎత్తు దాకా మెత్తటి పలకలు బిగించి, ఆ పైభాగాన్ని గట్టి పూతతో వదిలేశారు. కింద కూర్చున్నవారికి సరిపోయిన ఆ పని పైన కూర్చున్నవారికి సరిపోలేదు. పైభాగంలోనూ, కనీసం బాల్కనీ వెనుక గోడకైనా పలకలు బిగిస్తే చాలా వరకు తీరుతుంది. గోడలు మొత్తం కప్పేయమని నేను అనను; మైకు లేకుండా పద్యం పాడే నటుడికి గోడ నుంచి కొంత తిరుగు శబ్దం అందాలి. సాహిత్య సభలో ఒక వక్త మైకును పక్కకు పెట్టి మాట్లాడినప్పుడు వేదిక నుంచి పదో వరుస దాకా హాయిగా వినబడింది, ఆ గుణాన్ని పోగొట్టుకోకూడదు.

కప్పు విషయంలో చేసిన పని మెచ్చుకోదగింది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పగలగొడితే దాని నార గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. వాటిని తడిపి, పగలకుండా ఒక్కొక్కటిగా దింపించారు. ఇనుప దూలాలను తుప్పు వదిలించి అలాగే వాడుకొని, మధ్యలో ఉష్ణాన్ని ఆపే పొర ఉన్న కొత్త రేకులు వేశారు. మే నెల మ్యాట్నీలో కూడా ఏసీ మీద భారం పడినట్టు అనిపించలేదు. పెద్ద వాన కురిసిన సాయంత్రం ఆటలో పైన చినుకుల చప్పుడు కొద్దిగా వినబడింది గానీ సినిమాను మింగేయలేదు.

ఇంత జనం ఒకచోట చేరే కట్టడాన్ని సమీక్షించేటప్పుడు బయటికి వెళ్లే దారులను చూడకుండా రాయడం తప్పవుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయారు. కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలైన మంట పొగగా పైకి చేరి బాల్కనీలోని వారిని చుట్టుముట్టింది, అదనపు సీట్ల కోసం మూసేసిన దారి వారిని బయటపడనివ్వలేదు. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కట్టడానికి దూరంగా, ప్రహరీ మూలలో ఉంది. బాల్కనీకి రెండు వైపులా మెట్లున్నాయి, ఆట నడుస్తున్నంతసేపూ రెండు తలుపులకూ గడియ లేదు, తలుపులన్నీ బయటికే తెరుచుకుంటాయి. ఇదంతా బాగుంది. కానీ ఒక సాయంత్రం ఆటలో ఉత్తరపు పక్క తలుపుకు ఆనించి మోటారు సైకిళ్లు నిలిపి ఉండడం చూశాను. పార్కింగు చూసే కుర్రవాడికి చెబితే వెంటనే తీయించాడు. చెప్పకపోతే ఆట అయ్యేదాకా అవి అక్కడే ఉండేవి. అక్కడ నేల మీద పసుపు గీత గీసి రెండు ఇనుప స్తంభాలు పాతితే ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడనక్కరలేదు.

బాల్కనీకి లిఫ్టు లేదు. మెట్లు పాతవి, నిటారుగా ఉన్నాయి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే చోటు ఒక్కటే. చక్రాల కుర్చీలో వచ్చేవారికి కింది అంతస్తు చివరి వరుసలో, బాల్కనీ కింద మాత్రమే చోటు ఉంచారు. అక్కడి నుంచి తెర పైభాగం కొంత మరుగవుతుంది. ప్రజలు వాడే భవనాల్లో వికలాంగులకు అనువైన ఏర్పాట్లు ఉండాలని 2016 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం లేకపోయినా, ఈ టాకీసును ప్రేమించి మళ్లీ వచ్చేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారేనన్న సంగతి గుర్తుంచుకుంటే లిఫ్టు ఎందుకు కావాలో తెలుస్తుంది. వసారా పక్కనున్న పాత మేనేజరు గది సరిగ్గా బాల్కనీ నడవా కిందే ఉంది కాబట్టి చోటుకు లోటు లేదు.

పిల్లలను తీసుకువెళ్లేవారు ప్రొజెక్షన్ క్యాబిన్ తప్పక చూడాలి. రెండు 35 ఎంఎం ప్రొజెక్టర్లను తుడిచి, నూనె వేసి, తిరిగే స్థితిలో ఉంచారు. ఇక్కడే పనిచేసి రిటైరైన ఆపరేటరు ఒకాయన సెలవు రోజుల్లో ఉండి వివరిస్తారు, ఆయన చెప్పే తీరు కోసమే మళ్లీ వెళ్లవచ్చు. సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషానికి 90 అడుగుల రీలు తిరిగేది, రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్లకు పైమాట. ఒక మిషన్‌లో రీలు అయిపోవస్తున్నప్పుడు తెర కుడి పై మూలన చిన్న చుక్క మెరిసేది, ఆ గుర్తు చూసి రెండో మిషన్‌ను అందుకోవాలి. క్యాబిన్ గోడలు అంత మందంగా ఎందుకున్నాయో, కిటికీలకు ఇనుప పలకలు ఎందుకున్నాయో కూడా ఆయన చెబుతారు: 1950ల దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీటితో కూడా ఆరేది కాదు, మంట హాలులోకి రాకుండా ఆ పలకలు పడిపోవాలి.

టాకీసులు ఎందుకు మూతపడ్డాయో కూడా ఆ క్యాబిన్‌లోనే అర్థమవుతుంది. రీళ్ల పెట్టె బస్సులోనో రైలులోనో రావలసిన కాలంలో ప్రింట్లు కొన్నే ఉండేవి, పెద్ద ఊళ్లలో ఆడాక చిన్న ఊళ్లకు వచ్చేవి, ఒక్కో సినిమా వారాల తరబడి నడిచేది. డిజిటల్ వచ్చాక పెట్టె బాధ పోయి అన్ని ఊళ్లలో ఒకే రోజు విడుదల సాధ్యమైంది, అయితే ఆ సినిమా అన్ని ఊళ్లలోనూ ఒకేసారి అయిపోవడం కూడా మొదలైంది. 2024 మే నెలలో జనం లేక తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజుల పాటు ఆటలు ఆపుకోవలసి వచ్చింది. అలాంటి వారాల్లో ఈ కట్టడాన్ని నిలబెట్టేది ఉదయపు సభలూ, సైకిల్ స్టాండు ఉన్న చోట వెలసిన నారాయణపేట, గద్వాల చీరల దుకాణాల అద్దెలూనే. కాబట్టి దుకాణాలు వచ్చి టాకీసు పవిత్రత పోయిందని బాధపడేవారితో నేను ఏకీభవించలేను.

టికెట్ ధరలు ఊరికి తగినట్టే ఉన్నాయి. 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఏసీ ఉన్న సాధారణ థియేటర్లకు కనీసం 50, గరిష్ఠం 150 రూపాయలు, మల్టీప్లెక్సులకు కనీసం 100, గరిష్ఠం 250 రూపాయలుగా టికెట్ ధరలు నిర్ణయించింది. ఇక్కడ ముందు వరుసలన్నీ వంద లోపే ఉంచారు. వంద రూపాయల లోపు టికెట్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే కాబట్టి ఈ ధరలను పెంచకుండా కొనసాగించడం సాధ్యమేననుకుంటాను. పండగలకు ముంబయి, పుణె నుంచి ఊరికి వచ్చే వలస కుటుంబాలు నలుగురైదుగురు కలిసి రాగలిగేది ఈ ధర ఉంటేనే. వసారాలో మంచినీళ్లు ఉచితం, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇంటర్వెల్‌లో మహిళా సంఘం వారు అమ్మే సర్వపిండి, మిర్చి వేడిగా దొరుకుతాయి, పాప్‌కార్న్ మాత్రం వాటి పక్కన ఖరీదనిపిస్తుంది.

సభలకు హాలు కావలసినవారు ముందు గుమ్మం పక్కనున్న పాత బుకింగ్ కిటికీలోనే మాట్లాడుకోవాలి. సగం పూట చొప్పున ఇస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట లోపు ఖాళీ చేయాలి. పెళ్లిళ్లకు ఇవ్వరు, లోపల వంట ఒప్పుకోరు. రెండూ మంచి నియమాలే. బడి వార్షికోత్సవానికైతే ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదు. నాటకం వేయదలచినవారు మాత్రం ఒక సంగతి తెలుసుకొని వెళ్లాలి: వేదిక వెనుక వేషం వేసుకునే గది లేదు, స్పీకర్ల వెనుకనున్న సన్నటి నడవాలోనే సర్దుకోవాలి, ఆడవారు బట్టలు మార్చుకోవాలంటే వసారా దాటి మరుగుదొడ్ల దాకా రావాలి. పెరట్లో వేదిక గోడకు ఆనుకొనే పాత జనరేటరు గది ఖాళీగా ఉంది, దాని కప్పు గట్టిగానే ఉంది. గోడకు ఒక తలుపు తీసి, లోపల రెండు అద్దాలు, ఒక కుళాయి, మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టిస్తే నాటక సమాజాల వారు ఇక్కడికి రావడానికి వెనుకాడరు.